పిల్లను ఇంట్లో పెట్టుకోవాలంటే: దేవరకొండ నుంచి నా మాట

ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. పిల్ల మన దగ్గర పెరుగుతుంది, చట్టప్రకారం మన బిడ్డ అయిపోదు. సొంత అమ్మానాన్నల పరిస్థితి కుదుటపడితే తిరిగి పంపాలి. దీనికి మనసు ఒప్పుకోకపోతే ఇక్కడే ఆగండి.

నల్లగొండలో జిల్లా బాలల సంరక్షణ విభాగం ఆఫీసుకు వెళ్లి అడగండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. కేంద్ర ప్రభుత్వ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒంటరి మహిళలూ అర్హులే. ఒంటరి మగవాళ్లకు మాత్రం మగపిల్లలనే ఇస్తారు. భార్యాభర్తలైతే కనీసం రెండేళ్ల కాపురం ఉండాలి. కాగితాలు మామూలువే: ఆధార్, ఆదాయం, ఆరోగ్యం.

అసలు టెన్షన్ ఇంటి తనిఖీ. మా ఇంటికొచ్చిన మేడమ్ హాల్లో సోఫా వైపు చూడనే లేదు. వాకిట్లో సంపు మూత ఎత్తి, "దీనికి తాళం ఏదమ్మా?" అన్నారు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బడి ఎంత దూరం అని అడిగారు. మా అత్తమ్మను పక్కకు పిలిచి విడిగా మాట్లాడారు. అది మంచి పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేకపోతే నలిగిపోయేది పిల్లే.

చివరి ఆర్డర్ బాలల సంక్షేమ సమితి ఇస్తుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది, కానీ దాని కోసమే వచ్చేవాళ్లు రావద్దు. బాగా కలిసిపోతే, పిల్లకు దత్తతకు వీలుంటే, రెండేళ్ల తర్వాత దత్తతకు అడగొచ్చు.

పిల్ల వచ్చాక "మీ అమ్మ ఎక్కడ?" అని చుట్టాలు అడుగుతారు. వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.