అమెరికా పల్లెటూరి పూర్వీకుల భూమి ఫైలు: నేషనల్ ఆర్కైవ్స్‌కు దరఖాస్తు ఎలా పెట్టాలి

కోడలి వాళ్లది నెబ్రాస్కా, అల్లుడి వాళ్లది కాన్సస్. ఇలాంటి తెలుగు కుటుంబాలు ఇప్పుడు అమెరికాలో తక్కువేమీ కాదు. పిల్లలు వంశవృక్షం గీయడానికి కూర్చుంటే మన వైపు నాలుగు తరాల పేర్లు గడగడా వచ్చేస్తాయి. అటు వైపు మాత్రం "ముత్తాత రైతు, యూరప్ నుంచి వచ్చాడట" అన్న దగ్గర ఆగిపోతుంది. ఆ ఖాళీ మేం పూరిస్తామంటూ డబ్బు గుంజేవాళ్లున్నారు. ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరికే ఒక్క కాగితానికి వందల డాలర్లు కట్టినవాళ్లను నేను చూశాను. ఇంకొందరు సొంతంగానే దరఖాస్తు పెట్టి, ఫైలు దొరకలేదన్న జవాబు రాగానే వదిలేశారు. వాళ్లలో చాలామంది విషయంలో ఫైలు ఉంది, ఫారంలో రాసిన నంబరే తప్పు.

అసలు ఈ ఫైలు ఏమిటంటే, 1862 మే 20న అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమి తీసుకుని, అక్కడే ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు ఉండి సాగు చేస్తే అది సొంతమయ్యేది. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించిన వలసదారులు కూడా దరఖాస్తు పెట్టుకోగలిగేవారు. ఈ చట్టం కింద దాదాపు 16 లక్షల మందికి పట్టాలు వచ్చాయి. ఐదేళ్లు నిండాక రైతు ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని తన దావా రుజువు చేసుకోవాల్సి వచ్చేది. ఇల్లు ఎప్పుడు కట్టావు, ఎంత పెద్దది, ఇంట్లో ఎంతమంది, ఎన్ని ఎకరాలు దున్నావు, ఏం పండించావు, మధ్యలో ఊరు వదిలి ఎక్కడికైనా వెళ్లావా, వెళితే ఎందుకు అని అడిగి జవాబులు రాసుకునేవారు. వేరే దేశంలో పుట్టినవాడైతే పౌరసత్వం కాగితం నకలు జతచేసేవారు. అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసినవాడికి ఆ కాలాన్ని ఐదేళ్లలోంచి తగ్గించేవారు కాబట్టి, సైన్యం నుంచి విడుదలైన వివరాలు కూడా అందులో దొరకవచ్చు. ఈ కాగితాల కట్ట చివరికి వాషింగ్టన్ చేరింది. ఇప్పుడు అది అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది.

అమెరికా పల్లె కుటుంబాల విషయంలో దీనికి ఇంత విలువ ఉండటానికి ఇంకో కారణం ఉంది. 1890 జనాభా లెక్కల పుస్తకాల్లో దాదాపు అన్నీ 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల పోయాయి. 1880 లెక్కల తర్వాత మళ్లీ 1900 దాకా దేశమంతటికీ ఇంటింటి వివరం లేదు. సరిగ్గా ఆ ఇరవై ఏళ్లలోనే లక్షలమంది నెబ్రాస్కా, కాన్సస్ లాంటి మైదానాల్లో భూమి తీసుకున్నారు. ఆ మధ్యలో పుట్టి చిన్నప్పుడే పోయిన బిడ్డ సంగతి ఈ వాంగ్మూలంలో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. నల్లజాతి కుటుంబాలకైతే మరీ అపురూపం. బానిసత్వం నుంచి బయటపడిన వాళ్ల పేర్లు జనాభా లెక్కల్లో వరసగా కనిపించడం మొదలైందే 1870 నుంచి. 1877లో కాన్సస్‌లో నికోడెమస్ లాంటి ఊళ్లు కట్టుకున్నవాళ్లు తమ జీవితం గురించి స్వయంగా చెప్పిన మాటలు ఇలాంటి ఫైళ్లలో దొరుకుతాయి.

పట్టా వేరు, ఫైలు వేరు

మొదటి గందరగోళం ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ల జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డ్స్ సైట్‌లో పేరు, రాష్ట్రం కొడితే ల్యాండ్ పేటెంట్ బొమ్మ వస్తుంది. అది మన పట్టా లాంటిదే. ఫలానా వ్యక్తికి ఫలానా భూమి ఇచ్చాం అని ఒక పేజీ, అంతే. ఎవరైనా చూడవచ్చు, దించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. కింద అధ్యక్షుడి పేరు ఉంటుంది. దాన్నే "మీ ముత్తాతకు అధ్యక్షుడు స్వయంగా సంతకం చేసి ఇచ్చిన పత్రం" అని ఫ్రేమ్ కట్టి అమ్ముతారు. కానీ 1833 నుంచి పేటెంట్ల మీద అధ్యక్షుడి తరఫున సంతకం పెట్టింది ఆ పని కోసం నియమించిన కార్యదర్శులే. ఫ్రేమ్ నచ్చితే కొనుక్కోండి, అధ్యక్షుడి సంతకం అనుకుని మాత్రం కొనకండి.

కుటుంబం కథ ఉండేది ఫైల్లో. అది దరఖాస్తు పెట్టి తెప్పించుకోవాలి. పేటెంట్ బొమ్మ చూసి "ఇంతేనా" అని ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు వెతికేదంతా ఇంకో మెట్టు అవతలే ఉంది.

ముందుగా ఒక సంగతి చూసుకోండి. భూమి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రాష్ట్రాలు 30. మొదటి 13 రాష్ట్రాలు, వాటితో పాటు వెర్మాంట్, మెయిన్, కెంటకీ, టెనెసీ, వెస్ట్ వర్జీనియా, టెక్సస్, హవాయి ఇందులో లేవు. పూర్వీకుడు అక్కడివాడైతే వాషింగ్టన్‌కు దరఖాస్తు పెట్టి లాభం లేదు, ఆ రాష్ట్రం వాళ్ల దగ్గరే అడగాలి. టెక్సస్‌కైతే ఆస్టిన్‌లో వేరే జనరల్ ల్యాండ్ ఆఫీసే ఉంది.

జనం తడబడేది ఈ నంబర్ల దగ్గర

దరఖాస్తు ఫారం పేరు ఎన్.ఏ.టి.ఎఫ్. 84. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఖాతా తెరిచి ఆన్‌లైన్‌లోనే నింపవచ్చు. పేరు, రాష్ట్రం, చిరునామా, కార్డు వివరాలు ఎవరైనా రాయగలరు. చిక్కంతా మిగతా నాలుగు గడుల్లో ఉంది: ల్యాండ్ ఆఫీస్ పేరు, ఫైనల్ సర్టిఫికెట్ లేదా పేటెంట్ నంబరు, ఏ రకం ఎంట్రీ (అంటే భూమి ఏ పద్ధతిలో తీసుకున్నారు), భూమి హద్దుల వివరం.

పేటెంట్ బొమ్మను పెద్దది చేసి పై ఎడమ మూల చూడండి. పాత హోమ్‌స్టెడ్ పేటెంట్లలో అక్కడ రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి హోమ్‌స్టెడ్ సర్టిఫికెట్ నంబరు (ఫారంలో ఫైనల్ సర్టిఫికెట్ అన్నది దీన్నే), రెండోది అప్లికేషన్ నంబరు. అప్లికేషన్ మొదటి రోజుది, సర్టిఫికెట్ ఐదేళ్ల తర్వాత రుజువైనప్పటిది. 1908 జూన్ 30 దాకా పూర్తయిన ఫైళ్లను రాష్ట్రం, ల్యాండ్ ఆఫీసు, ఎంట్రీ రకం, ఆ తర్వాత సర్టిఫికెట్ నంబరు వరుసలో పెట్టారు. కాబట్టి మీరు రాయాల్సింది సర్టిఫికెట్ నంబరే. సైట్ వివరాల పేజీలో మూడో నంబరు కూడా కనిపిస్తుంది, యాక్సెషన్ నంబరు అని. పాత పేటెంట్లకు అది పుస్తకం సంపుటి, పేజీ గుర్తు మాత్రమే. పేజీలో అన్నిటికంటే పైన కనబడుతుంది కాబట్టి దాన్నే ఎక్కించేస్తారు. ఫైలు దొరకదు. సైట్‌లో డాక్యుమెంట్ నంబరు అని ఉన్నదాన్ని బొమ్మ మీది సర్టిఫికెట్ నంబరుతో సరిపోల్చి రాయండి. 1908 జూలై 1 నుంచి వచ్చిన పేటెంట్లకు ఈ టెన్షన్ లేదు. దేశమంతటికీ ఒకే వరుస నంబర్లు, పేటెంట్ నంబరు ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు.

ల్యాండ్ ఆఫీస్ అంటే పొలం ఉన్న ఊరు కాదు, కౌంటీ కాదు, భూమి దరఖాస్తులు తీసుకున్న ప్రభుత్వ ఆఫీసు. పేటెంట్‌లో "రిజిస్టర్ ఆఫ్ ది ల్యాండ్ ఆఫీస్ ఎట్" అన్న మాటల తర్వాత వచ్చే పట్టణం పేరు రాయాలి. ఈ ఆఫీసులు జనాన్ని బట్టి పడమటికి జరుగుతూ పోయాయి. అన్నదమ్ములిద్దరి పొలాలు పక్కపక్కనే ఉన్నా ఆఫీసులు వేరు కావచ్చు. అన్న కాగితం చూసి తమ్ముడిది నింపకండి.

భూమి వివరం ఇలా ఉంటుంది: నార్త్ ఈస్ట్ క్వార్టర్, సెక్షన్ 14, టౌన్‌షిప్ 5 నార్త్, రేంజ్ 6 ఈస్ట్, సిక్స్త్ ప్రిన్సిపల్ మెరిడియన్ (సర్వే కొలతలకు ఆధారంగా గీసిన ఉత్తర దక్షిణ గీత). ఒక టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దాంట్లో పావు వంతు 160. ఉన్నది ఉన్నట్టు దించండి. ఈస్ట్ బదులు వెస్ట్ పడితే పొలం మెరిడియన్ గీతకు అవతలి పక్కకు వెళ్లిపోతుంది.

ఇక ఎంట్రీ రకం. "మా ముత్తాత హోమ్‌స్టెడ్ రైతేనని ఇంట్లో అందరూ చెబుతారు, కానీ సైట్‌లో 1820 క్యాష్ సేల్ చట్టం అని ఉంది, వేరే మనిషేమో" అని వదిలేస్తుంటారు. తొందరపడకండి. ఐదేళ్లు ఆగలేనివాళ్లు కొన్ని నెలలు నివాసం ఉండి, ఎకరానికి సాధారణంగా 1.25 డాలర్లు కట్టి పట్టా తీసుకోగలిగేవారు. అలాంటివాళ్ల ఫైలు క్యాష్ ఎంట్రీల్లో చేరుతుంది. అందులో నివాసం గురించిన వాంగ్మూలం ఉంటుంది. అదే 1862కు ముందు నేరుగా డబ్బు పెట్టి కొన్న భూమైతే ఫైల్లో రసీదు తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. అలాంటిదానికి డబ్బు కట్టేముందు ఆలోచించుకోండి. యుద్ధ సేవకు ఇచ్చిన బౌంటీ వారెంట్ (భూమి పొందే హక్కు పత్రం) పేటెంట్లలో రెండు పేర్లుంటాయి. సైనికుడు ఒకరు, అతని దగ్గర వారెంట్ కొనుక్కుని భూమి పొందినవారు ఇంకొకరు. మీవాళ్లు ఎవరో తేలకుండా ఆ సైనికుణ్ణి వంశవృక్షంలో ఎక్కించకండి.

ఫీజు, ఆ తర్వాత

ఫైలుకు 50 డాలర్లు ఉంటూ వచ్చింది. కట్టే రోజున ఆర్డర్ పేజీలో ఉన్న అంకె చూసుకోండి. ఫైలు దొరక్కపోతే ఆ డబ్బు తీసుకోరు, కాబట్టి ఒకసారి లేదన్నా భయపడక్కర్లేదు, నంబరు సరిచేసి మళ్లీ పెట్టవచ్చు. ఇవి బహిరంగ రికార్డులు. బంధుత్వం రుజువు చేయనక్కర్లేదు, అమెరికా పౌరులు కానక్కర్లేదు, గుంటూరులో కూర్చుని కూడా పెట్టవచ్చు. అఫిడవిట్ కావాలి, నోటరీ కావాలి అని ఎవరైనా అంటే, వాళ్లు ఈ ఫైలు గురించి మాట్లాడటం లేదు. నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ ఫైళ్లు ఇప్పటికే స్కాన్ అయి ఉన్నాయి. ఆ రాష్ట్రం వాళ్లు ఫీజు కట్టేముందు బియాట్రిస్ దగ్గరున్న హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌ను అడగండి.

పేటెంటే కనబడకపోతే పేరు అక్షరాలు మార్చి చూడండి, భర్త మధ్యలో చనిపోతే పట్టా భార్య పేరునో వారసుల పేరునో వచ్చి ఉంటుంది. అప్పటికీ లేకపోతే ఐదేళ్లు నిలవలేక భూమి వదిలేసి ఉండవచ్చు. కరువు, మిడతలు, అప్పులు ఎంతోమందిని తరిమేశాయి. అలా రద్దయిన ఎంట్రీలకు పేటెంట్ ఉండదు, అయినా ఫైలు ఉండవచ్చు. దానికి ట్రాక్ట్ బుక్ (ఏ భూమికి ఎవరు ఎంట్రీ పెట్టారో రాసిన పుస్తకం) చూడాలి. వంశవృక్షాల వివరాలుండే ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే వాటి పేజీలు కనిపిస్తాయి. టౌన్‌షిప్, రేంజ్ తెలిస్తే ఆ పేజీకి వెళ్లి పేరు పట్టుకోవచ్చు. పేరు పక్కన రద్దయిన తేదీ, ఎంట్రీ నంబరు రాసి ఉంటాయి. రద్దయిన ఎంట్రీ అని స్పష్టంగా చెప్పి, ఆ నంబరు, ల్యాండ్ ఆఫీసు పేరు రాసి నేషనల్ ఆర్కైవ్స్‌ను అడగండి.