భుజం బిగుసుకుపోయిందా? తైలం పక్కన పెట్టి షుగర్ చూడండి

సమస్య: చెయ్యి పైకి లేవదు. జడ వేసుకోవడం కష్టం, వెనక జేబులో పర్సు అందదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వచ్చేస్తుంది. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడదు.

ముందు చూడాల్సింది: మనిషిని కూర్చోబెట్టి, మోచేతిని ఒంటికి ఆనించి మడిచి ఉంచి, ముంజేతిని ఇంకొకరు మెల్లగా బయటికి తిప్పాలి. రెండు చేతులూ పోల్చాలి. అర నిమిషం పని, దీన్నే అందరూ వదిలేస్తారు. మంచి చెయ్యి 60 డిగ్రీల దాకా పోయి, నొప్పి చెయ్యి 20 దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతే, ఎక్స్‌రే కూడా బాగుంటే, అది దాదాపుగా ఫ్రోజెన్ షోల్డరే (కీలు చుట్టూ పొర బిగుసుకుని భుజం పట్టేయడం). ఇంకొకరు తిప్పితే బాగానే తిరిగి, తనంతట తాను ఎత్తలేకపోతే రొటేటర్ కఫ్ (భుజాన్ని ఎత్తి తిప్పే కండరాల నరాల్లాంటి పట్టీలు) చిరిగిందేమో చూడాలి. తిమ్మిరి వేళ్ల దాకా పాకితే మెడ చూపించుకోవాలి.

అసలు కారణం దాక్కునే చోటు: "నాకు షుగర్ లేదండీ, మొన్నే చూపించుకున్నా" అంటారు. చూపించుకున్నది పరగడుపు ఒక్కటే. 108 వచ్చింది, ల్యాబ్ కాగితం మీద 110 లోపు నార్మల్ అని ఉంది, సరిపోయిందనుకున్నారు. మనవాళ్లలో చాలామందికి పరగడుపున బాగానే ఉండి, తిన్నాక పెరుగుతుంది. అందుకే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించాలి: 5.7 నుంచి 6.4 అయితే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే వచ్చినట్టు (లక్షణాలు లేకపోతే ఇంకోసారి చేసి ఖాయపరుస్తారు). రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు, 200 గానీ ఆపైన గానీ ఉంటే షుగరే.

భుజానికీ షుగర్‌కీ లంకె కొల్లాజెన్‌లో, అంటే కీళ్ల పొరలకు బలాన్నిచ్చే ప్రొటీన్ పోగుల్లో ఉంది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఆ పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. కీలు చుట్టూ ఉండే పొర మందమెక్కి, సాగడం మానేస్తుంది. మామూలు జనంలో ఇది నూటికి రెండు నుంచి ఐదుగురికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో పది నుంచి ఇరవై మందికి వస్తుంది. రెండు అరచేతులూ నమస్కారంలా కలిపినప్పుడు వేళ్ల మధ్య సందు మిగిలితే అదీ ఈ కోవదే. పడిన ముడి త్వరగా ఊడదు. షుగర్ అదుపులోకి వచ్చిన వారానికే భుజం వదలాలని చూడకండి, నెలలు పడుతుంది.

పరిష్కారం: నొప్పి మండిపోతున్న దశలో బలవంతంగా లాగితే ఇంకా బిగుస్తుంది. ముందుకు వంగి చేతిని వేలాడదీసి ఊపడం చాలు. నొప్పి తగ్గాక 10 నిమిషాల కాపడం, తరవాత గోడ మీద వేళ్లతో పాకించడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని నొప్పి చేతిని బయటికి నెట్టడం. ఒక్కో సాగతీత 20–30 సెకన్లు, ఐదుసార్లు, రోజుకు రెండు పూటలా. స్పర్శ తగ్గినవారు వేడి ఎంతుందో ఇంకొకరిచేత చూపించుకోవాలి, కాలినా తెలియదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదట్లో వేస్తే బాగా పనిచేస్తుంది. కాకపోతే ఆ రోజు నుంచే షుగర్ ఎగబాకి, కొందరిలో వారం దాకా దిగదు. ఇంట్లో మీటరుతో రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు డోసు సంగతి సూది వేయించుకునే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగేవారు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోకపోవడం మాత్రం నిజంగా విసుగు తెప్పించే విషయం.

అరుదైనవి: థైరాయిడ్, ఒక రక్తపరీక్షతో తేలుతుంది. షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చాక చెయ్యి బయటికి తిరగకపోతే కీలు వెనక్కి జారిందేమో, పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. ఎడమ భుజం నొప్పితో చెమటలు, ఆయాసం ఉంటే వ్యాయామాలు కాదు, వెంటనే ఈసీజీ.

షుగర్ ఉన్నవాళ్లకు రెండో భుజమూ పట్టేయడం ఎక్కువే. దాన్నీ నెలకోసారి ఇదే పద్ధతిలో బయటికి తిప్పి చూస్తుండాలి.