చిప్ మీద బ్యాండ్‌పాస్ ఫిల్టర్, 6వ పాఠం: అర డిగ్రీ గొడవ

ఒక్క ఫ్రీక్వెన్సీ పట్టీని మాత్రమే పోనిచ్చే మన బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌కి ఈసారి ట్యూనింగ్ మొదలుపెడదామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠం చేసినవాళ్లలో సగం మందిది ఒకటే గోల: "మాస్టారూ, ఇన్‌పుట్ ఇవ్వకుండానే ఫిల్టర్ కూస్తోంది!" గాజువాక నుంచి ఒకబ్బాయి పంపిన వేవ్‌ఫామ్ చూశాను. సన్నని గీతలా మొదలై, ఇరవై మైక్రోసెకన్లకల్లా సప్లై అంచులు తాకింది.

తప్పు నాదే. గెయిన్ పెరగడానికి క్యాస్కోడ్ (ఒక ట్రాన్సిస్టర్ మీద ఇంకోటి పేర్చడం) పెట్టమన్నది నేనే కదా.

మన ఫిల్టర్ కేంద్రం 10.7 మెగాహెర్ట్జ్, వెడల్పు 200 కిలోహెర్ట్జ్, క్యూ (కేంద్రాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 53.5. మద్దిలపాలెంలో మా ఇంటి పాత ఎఫ్‌ఎం రేడియో విప్పితే ఈ పనికి మూడు కాళ్ల సిరామిక్ ముక్క ఉంటుంది. మనం చిప్‌లో 2 పికోఫారడ్లు, 134 మైక్రోసీమెన్స్ జీఎంతో (వోల్టేజ్‌కి ఎంత కరెంట్ ఇస్తుందో చెప్పే కొలత; 2పై × ఫ్రీక్వెన్సీ × కెపాసిటర్) చేస్తున్నాం. జీఎం 21 వచ్చినవాళ్లు 2పై మరిచారు, అంతే.

ఇక అసలు గోతి. జీఎం, కెపాసిటర్ కలిస్తే ఒక ఇంటిగ్రేటర్; దాని అవుట్‌పుట్ ఫేజ్ 90 డిగ్రీలు వెనకబడాలి. క్యాస్కోడ్ లోపల ఇంకో నోడ్ (తీగలు కలిసే చోటు) పుడుతుంది, దాని పోల్ (సిగ్నల్ మందగించడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) వల్ల కాస్త ఎక్కువే వెనకబడుతుంది. ఆ ఎక్కువే ఫై. లూప్‌లో ఇంటిగ్రేటర్లు రెండు కాబట్టి:

1/అసలు క్యూ = 1/53.5 + 2/గెయిన్ − 2ఫై

ఫై రేడియన్లలో. డిగ్రీలు వేసి నన్ను విసిగించొద్దు. గెయిన్ బోలెడుందనుకోండి, 2/గెయిన్ వదిలేయొచ్చు. ఫై పావు డిగ్రీ అయితే క్యూ 100. అర డిగ్రీ అయితే 800. 0.54 దాటిందా, కూతే. అర డిగ్రీకి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఈ మూడు అంకెలూ ఇంకోసారి చూడండి.

గెయిన్ తగ్గించి దీన్ని సరిపెడదామంటారు కొందరు. నేనైతే ఆ పని చేయను. వేడెక్కితే గెయిన్, ఫై ఒకే దారిలో నడవవు. నా అడ్డదారి వేరు: కెపాసిటర్‌కి సిరీస్‌లో చిన్న రెసిస్టర్, విలువ ఫై/జీఎం. అర డిగ్రీకి 65 ఓమ్‌లు. మనసులో మాట చెప్పాలంటే, లోపలి నోడే లేని ఇన్వర్టర్ల ట్రాన్స్‌కండక్టర్ (జీఎం ఇచ్చే సర్క్యూట్) నాకిష్టం. బ్రామ్ నౌటా 1992లో ప్రచురించిన పద్ధతి అది.

అభ్యాసం: రెండో పోల్ 900 మెగాహెర్ట్జ్, గెయిన్ 300. క్యూ మళ్లీ 53.5కి తెచ్చే రెసిస్టర్ ఎంత? అది 20 శాతం అటూ ఇటూ అయితే క్యూ ఎక్కడిదాకా పోతుంది? సిమ్యులేటర్ తెరవొద్దు, కాగితం మీదే. క్యూ 45కీ 66కీ మధ్య రాకపోతే రేడియన్లు చూసుకోండి.