మద్రాసు కాలపు వకీలు-శాసనసభ్యుడి జీవితరేఖ రాయడం ఎలా?

ముందు ఆయనది ఏ వకాల్తా పట్టానో తేల్చుకోండి. కింది కోర్టుల్లో వాదించే సెకండ్ గ్రేడ్ ప్లీడరు, హైకోర్టులో వాదించగల వకీలు, ఇంగ్లండులో లా చదివి హైకోర్టులోనూ వాదించగల బారిస్టరు వేర్వేరు హోదాలు. అందరినీ 'అడ్వకేటు' అనేస్తే హైకోర్టు వకీళ్లను, బారిస్టర్లను 'అడ్వకేటు' అనే ఒకే హోదాలో చేర్చిన 1926 బార్ కౌన్సిళ్ల చట్టానికి ముందరి కథంతా తారుమారవుతుంది. టంగుటూరి ప్రకాశం ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. ఈ మలుపే ఆయన ప్రాక్టీసు రాజమండ్రి నుంచి మద్రాసుకు ఎందుకు మారిందో చెబుతుంది.

తర్వాత మద్రాసు లా రిపోర్టులు తిరగేయండి. తీర్పు మొదట్లో ఎవరి తరఫున ఎవరు వాదించారో ఉంటుంది. ఏ ఏళ్లలో పేరు కనబడటం ఆగిందో రాసుకోండి. 1921 దగ్గర ఆగితే సహాయ నిరాకరణ కారణమా అని వెతకాలి. పొడి అక్షరాలను మాత్రం నమ్మకండి, ఒకే ఇంటిపేరుతో నలుగురుంటారు.

అసలు చిక్కు ఎమ్మెల్సీతోనే. 1920 నుంచి 1937 దాకా ఉన్నది ఒకటే సభ, దాని పేరే కౌన్సిల్. 1937లో 215 స్థానాల అసెంబ్లీ వచ్చాక కౌన్సిల్ ఎగువసభ అయింది. కాబట్టి పదవి పక్కన ఏడాది తప్పనిసరి. ఎన్నికా, నామినేషనా అన్నది మద్రాసు ప్రభుత్వ ప్రకటనలు అచ్చయిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో చూడండి.