ఇంటి ఆరోగ్యం, స్వయంశిక్షణ – మూడవ పాఠం: ఒకరి వాంతులు, విరేచనాలు ఇంటిల్లిపాదికీ పాకకుండా చూడడం

మొదటి పాఠంలో ఓఆర్ఎస్ కలిపే పద్ధతిని, రెండవ పాఠంలో తాగునీటిని నిల్వ చేసే పద్ధతిని నేర్చుకున్నాము. రెండవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం ప్రకారం మీ ఇంట్లో తాగునీటి పాత్రలు ఎన్ని ఉన్నాయో, ఒక్కొక్క దానిలో రోజుకు ఎన్ని చేతులు మునుగుతున్నాయో లెక్క రాసి పెట్టుకొని ఉంటారు. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి, ఈ పాఠంలో దానితో పని ఉంది.

ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు మొదలైన తరువాత తక్కిన వారికి రాకుండా చూడడం ఎలా అన్నది ఈ పాఠం విషయం. మొదటి మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడంలోనే చాలామంది కాలమంతా గడిపేస్తారు. పెళ్ళి విందులో తిన్న పెరుగుదా, బస్టాండులో తాగిన నీళ్ళదా తప్పు అని తేల్చుకునేలోగా రెండవ మనిషి మంచం పడుతుంది. మా ఇంట్లో జరిగింది అదే. నల్లగొండలో మేము ఏడుగురం ఉంటాము. ఒక ఆదివారం రాత్రి మా చిన్నవాడికి వాంతులు మొదలయ్యాయి. సోమవారం మధ్యాహ్నానికి వాడు కాస్త తేరుకొని గంజి అడిగాడు. ఇక గండం గడిచిందనుకున్నాము. మంగళవారం తెల్లవారుజామున మా నాయనమ్మకు, అదే రోజు సాయంత్రం నా భార్యకు మొదలయ్యాయి. నాయనమ్మ వరుసగా రెండు రోజులు లేవలేదు.

ఈ వరుసలోనే ఒక పాఠం ఉంది. ఇటువంటి జబ్బులలో ఇంట్లో తొందరగా పాకేది నోరోవైరస్. అది ఒంట్లో ప్రవేశించిన 12 నుంచి 48 గంటలలో జబ్బుగా బయటపడుతుంది. అంటే ఆదివారం రాత్రి పిల్లవాడి వాంతిని తుడిచిన చేతికి అంటినది మంగళవారం నాడు తెలిసివస్తుంది. మధ్యలో గడిచిన ఆ ప్రశాంతమైన సోమవారం మనల్ని మోసం చేస్తుంది. ఈ వైరస్ కణాలు పదుల సంఖ్యలో లోపలికి పోయినా జబ్బు రావడానికి చాలును, రోగి విరేచనంలో మాత్రం అవి కోట్ల కొద్దీ ఉంటాయి. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే, కంటికి శుభ్రంగా కనిపించే చేయి ఎందుకు నమ్మదగినది కాదో అర్థమవుతుంది. చిన్నపిల్లలలో, ముఖ్యంగా చలికాలంలో, రోటావైరస్ కూడా ఇదే దారిలో పాకుతుంది. దానికి ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులలో వేసే చుక్కల టీకా ఉంది. 2019 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వం దానిని ఉచితంగా వేయిస్తున్నది. నోరోవైరస్‌కు మాత్రం ఇంకా టీకా అందుబాటులో లేదు కనుక, చేతి దారిని కనిపెట్టి మూయడమే మనకున్న ఉపాయం.

చేతి దారి అంటే ఏమిటో చూపడానికి నేను ఇంట్లో చేసిన పరీక్షను చెబుతాను. అరచేతిలో కాస్త పల్లినూనె, చిటికెడు పసుపు వేసి రెండు చేతులకూ రుద్దుకొని, లెట్రిన్‌కు వెళ్ళి వచ్చినట్టుగా నటించాను. లోపల మగ్గు పిడి పట్టుకున్నాను, నల్లా తిప్పాను, తలుపు గొళ్ళెం తీశాను, బయట లైటు స్విచ్ ఆర్పాను. ఆ తరువాత నాలుగడుగుల దూరంలో ఉన్న తొట్టి దగ్గరికి పోయి సబ్బు అందుకున్నాను. సబ్బు తగిలేలోగా నాలుగు చోట్ల పసుపు పడింది. ఇంకా విచిత్రం తరువాత జరిగింది. చేతులు కడుక్కొని, పసుపు చేతితో తెరిచిన తొట్టి నల్లానే మళ్ళీ కడిగిన చేతితో కట్టేశాను. పసుపు తిరిగి వేళ్ళకు వచ్చింది.

ఇది చూసిన రోజే సబ్బు పెట్టెను లెట్రిన్ లోపల, మగ్గు పక్కన, గోడకు బిగించాను. ఇరవై రూపాయల పని. చేయి గొళ్ళేన్ని తాకకముందే సబ్బును తాకాలి, ఇదే ఈ పాఠంలోని మొదటి సూత్రం. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వకపోతే, ఒక ప్లాస్టిక్ సీసా మూతకు రంధ్రాలు చేసి సబ్బు నీళ్ళు నింపి లోపల ఉంచుకోవచ్చు. నల్లాను కట్టేముందు దాని మీద కూడా ఆ నురగనే ఒకసారి రుద్ది నీళ్ళు పోయాలి.

చేతులు కడగడంలో కూడా ఒక మెలకువ ఉంది. మా నాయనమ్మ "నీళ్ళతోని మంచిగనే కడుక్కున్న గద బిడ్డా" అని చేతులు చూపించింది. పసుపు నూనె రాసి నీళ్ళతో మాత్రమే కడుక్కొమ్మన్నాను. వేళ్ళ సందులలో, బొటనవేలి వెనుక, గోళ్ళ కింద జిడ్డు అలాగే నిలిచింది. సబ్బు పెట్టి కనీసం ఇరవై సెకన్లు, అంటే ఒకటి నుంచి ఇరవై వరకు నింపాదిగా లెక్కపెట్టేంత సేపు, రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటేనే జిడ్డు వదిలింది. పసుపు మరక గోళ్ళకు కొంత మిగలడం సహజం, మనం చూడవలసినది జిడ్డు పోయిందా లేదా అన్నదే. కరోనా కాలంలో కొన్న శానిటైజర్ సీసా ఇంకా ఇంట్లో ఉంటే, ఈ పనికి దాని మీద ఆధారపడవద్దు. కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, శానిటైజర్‌లోని స్పిరిట్ దానిని కరిగిస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొర లేదు కనుక స్పిరిట్ దాని మీద సరిగా పనిచేయదు. సబ్బు దానిని చంపకపోయినా, రాపిడితో చేతి నుంచి వదిలించి నీళ్ళతో పంపించేస్తుంది.

ఇక రెండవ నైపుణ్యం, వాంతిని శుభ్రం చేయడం. చాలా ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. పిల్లవాడు అర్ధరాత్రి నేల మీద వాంతి చేసుకోగానే మనకు వెంటనే గుర్తుకు వచ్చేది చీపురు, బకెట్ నీళ్ళు. ఈ రెండూ వద్దు. చీపురు పుల్లలు వాంతిని తుంపరలుగా చిమ్ముతాయి, పైగా అదే చీపురు పొద్దున వంటగది ఊడుస్తుంది. బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే షాబాద్ బండల సందులలోకి, గోడల మూలలకు పారుతుంది. వాంతి అయిన వెంటనే పిల్లలను, పెద్దలను ఆ గదిలోంచి బయటకు పంపి, కిటికీలు తెరిచి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు గ్లవ్స్ గానీ అవి లేకుంటే మందమైన ప్లాస్టిక్ కవర్లు గానీ తొడుక్కోవాలి. వాంతి వేగంగా పడినప్పుడు కంటికి కనిపించని తుంపరలు చుట్టూ రెండు మూడు మీటర్ల వరకు పడతాయని గుర్తుంచుకోండి.

పాత న్యూస్ పేపరును మడతలుగా పరిచి, అది తడిని పీల్చుకోనివ్వాలి. ఆ తరువాత బయటి అంచు నుంచి మధ్యకు తుడుస్తూ, ఆ కాగితాలను ఒక కవర్‌లో వేసి, దాని మూతి బిగించి, దానిని మరొక కవర్‌లో వేసి కట్టాలి. కాగితాన్ని లెట్రిన్‌లో వేస్తే అది మూసుకుపోతుంది. నేల కంటికి శుభ్రమైన తరువాతనే బ్లీచింగ్ నీళ్ళు పోయాలి. ముందే పోస్తే వాంతిలోని పదార్థమే క్లోరిన్‌ను మింగేస్తుంది, వైరస్‌కు మిగలదు.

బ్లీచింగ్ నీళ్ళు కలిపే లెక్క ఇది. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో దాదాపు మూడో వంతు వరకు పనికివచ్చే క్లోరిన్ ఉంటుంది. తడి తగిలినా, మూత తెరిచి ఉంచినా అది తగ్గిపోతుంది కనుక ఘాటైన వాసన లేని పాత పొట్లాన్ని నమ్మవద్దు. వాంతి, విరేచనం పడిన చోటికి లీటరు నీటికి 15 గ్రాములు, అంటే చదునుగా తీసిన టీస్పూనుతో సుమారు నాలుగు, వేయాలి. గొళ్ళెం, స్విచ్, నల్లా, మగ్గు పిడి వంటి వాటిని తుడవడానికి లీటరుకు 5 గ్రాములు, అంటే ఒకటిన్నర టీస్పూను చాలు. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, సున్నం వంటి తెల్లటి మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైనున్న తేటను వాడుకోవాలి. నేల మీద పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి, ఆ తరువాతనే కడగాలి. పోసిన వెంటనే తుడిస్తే శ్రమ వృథా. స్విచ్‌ల మీద మాత్రం నీళ్ళు చిలకరించకుండా, మెయిన్ ఆపి, పిండిన గుడ్డతో తుడవాలి. ఇనుప, స్టీలు వస్తువులను పది నిమిషాల తరువాత మంచి నీళ్ళతో తుడవకపోతే తుప్పు పడుతుంది. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరికను తప్పనిసరిగా రాయాలి. లెట్రిన్ కడగడానికి వాడే ఆసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపవద్దు. ఒకటి వాడిన చోట నీళ్ళు బాగా పోసి కడగకుండా రెండవది వాడవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, చిన్న బాత్రూంలో అది ప్రాణాపాయం. ఫినాయిల్ వాసన శుభ్రతను గుర్తు చేస్తుందే తప్ప, ఈ వైరస్ విషయంలో బ్లీచింగ్ పౌడర్‌కు సాటి రాదు.

బట్టల విషయం తొందరగానే ముగుస్తుంది. మురికి దుప్పటిని దులపవద్దు, లోపలి వైపుకు మడిచి విడిగా ఉంచాలి. ఘనపదార్థాన్ని లెట్రిన్‌లో వదిలించి, తెల్లబట్టలైతే ఉడుకునీళ్ళలో సబ్బు వేసి మరిగించి, రంగు బట్టలైతే వేడినీళ్ళు, సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరవేయాలి. బ్లీచింగ్ నీళ్ళు రంగులను తినేస్తాయి. ఉతికిన తరువాత చేతులకు మళ్ళీ సబ్బు తగలాలి.

ఇంటిలో సేవ చేసే మనిషి, వంట చేసే మనిషి వేరు వేరుగా ఉండాలి. ఇది చెప్పినంత సులభం కాదని నాకు తెలుసు. మన ఇళ్ళలో రెండు పనులూ ఒకే ఆడమనిషి మీద పడతాయి. కనీసం జబ్బు ఉన్న మూడు నాలుగు రోజులైనా మగవారిలో ఎవరైనా వాంతులు తుడిచే పని తీసుకుంటే ఇల్లంతా పాకే జబ్బును గది దాటకుండా ఆపవచ్చు. ఒకే గదిలో బతికే కుటుంబమైతే, రోగికి ఒక మూల, ఒక చాప, ఒక గ్లాసు, ఒక కంచం కేటాయించి, వాటిని విడిగా కడగాలి. జబ్బు పడిన వారు వాంతులు, విరేచనాలు ఆగిన తరువాత కూడా మరో 48 గంటలు వంట చేయకూడదు, అన్నం కలిపి పిల్లలకు ముద్దలు పెట్టకూడదు. పెరుగన్నం ఒకే గిన్నెలో కలిపి నలుగురు పిల్లలకు చేతితో ముద్దలు పెట్టే అలవాటు మనకు ప్రియమైనదే, కానీ ఆ వారం మాత్రం ఎవరి కంచం, ఎవరి చెంచా వారికే ఉండాలి. జబ్బు తగ్గిన తరువాత కూడా విరేచనంలో వైరస్ రెండు వారాల వరకు పోతూ ఉండవచ్చు కనుక సబ్బు విషయంలో మాత్రం ఆ రెండు వారాలూ సడలింపు లేదు. పసిపిల్లల దొడ్డి "పాపదే కదా" అని తేలిగ్గా తీసుకుంటాము. దానిలోనూ అదే ముప్పు ఉంటుంది. లెట్రిన్‌లోనే వేయాలి, కడిగిన చేయికి సబ్బు పడాలి.

ఇప్పుడు మీ పాత కాగితాన్ని చూడండి. నీటిలోని ఫ్లోరైడ్ భయంతో మన జిల్లాలో చాలామంది నీటి శుద్ధి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల డబ్బా తెచ్చుకుంటారు. ఆ నీటిని వడగట్టేటప్పుడు క్లోరిన్ కూడా పోతుంది. ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీటిలో ఎంతో కొంత క్లోరిన్ మిగిలి ఉంటుంది కానీ, డబ్బా నీటిలో ఉండదు. అందువల్ల చెంబుతో వేళ్ళు మునిగేలా ముంచితే అక్కడ కాపాడేది ఏదీ లేదు. ఇంట్లో జబ్బు ఉన్నన్నాళ్ళు కుండకు, డబ్బాకు నల్లా బిగించి వాడండి. అది లేకపోతే పొడవాటి పిడి ఉన్న గరిటెతో, ఒకే మనిషి అందరికీ పోయడం మేలు.

ఈ పాఠం వ్యాప్తిని ఆపడం గురించే అయినా, రోగి పరిస్థితిని మరచిపోవద్దు. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా, మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. ఆశా కార్యకర్త దగ్గర ప్యాకెట్లు, పిల్లలకు జింక్ బిళ్ళలు ఉంటాయి. కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోయినా, రక్తం పడినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

అభ్యాసం: ఈ వారంలో ఒక సెలవు రోజున ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పసుపు నూనె పరీక్ష చేయండి. ముందుగా ఒక్కరే చేయి రాసుకొని, లెట్రిన్ నుంచి తాగునీటి పాత్ర వరకు రోజూ నడిచే దారిలోనే నడవాలి. మిగిలిన వారు పసుపు పడిన చోట్లను వరుసగా రాయాలి. సబ్బు ఎన్నో చోటు తరువాత వచ్చిందో ఆ సంఖ్యను కాగితం మీద పెద్దగా వేయండి. సబ్బు స్థానాన్ని మార్చి, రెండవ మనిషితో మళ్ళీ నడిపించి, రెండవ సంఖ్యను దాని పక్కనే రాయండి. వచ్చే పాఠంలో బావినీటిలో, ట్యాంకులో క్లోరిన్ మోతాదు కొలిచే పద్ధతిని నేర్చుకుందాము. దానికి పది లీటర్ల బకెట్, కొత్త బ్లీచింగ్ పౌడర్ పొట్లం సిద్ధంగా ఉంచుకోండి.