అడవిలో మొక్క ఫోటో ఇలా తీస్తే పేరు దొరుకుతుంది

రక్షిత అడవుల్లో నడిచేటప్పుడు చాలామంది పువ్వును మాత్రమే ఫోటో తీసుకొస్తారు. తర్వాత పేరు కనుక్కోవడం కష్టమవుతుంది, ఎందుకంటే ఒకేలాంటి పూలు పూసే మొక్కలు బోలెడుంటాయి. పువ్వుతో పాటు కొమ్మ మీద ఆకుల అమరిక కూడా ఫోటోలో పడాలి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, మార్చి మార్చి ఉన్నాయా అన్నదానితోనే సగం అనుమానాలు తీరిపోతాయి. ఆకు అడుగుభాగం కూడా తీయండి, నూగు, ఈనెలు అక్కడే బాగా కనిపిస్తాయి.

ఇంకో చిక్కు: చిన్న చిన్న ఆకులనిపించేవి నిజానికి ఒకే పెద్ద ఆకులో భాగాలు కావచ్చు, వేపలో లాగా. కొత్త చిగురు వచ్చే మొగ్గ ఎక్కడుందో చూడండి. అది అసలు ఆకు కాడ మొదట్లోనే ఉంటుంది, చిన్న ఆకుల దగ్గర ఉండదు. చెట్టయితే బెరడు ఫోటో ఒకటి, మొత్తం ఆకారం ఫోటో ఒకటి తీయండి. సైజు తెలియడానికి పక్కన పెన్ను పెడితే చాలు.

తెంపి తెచ్చుకుని చూద్దామనుకోకండి, చాలా చోట్ల అది నేరం కూడా. ఫోటోలు ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే అది పేరు సూచిస్తుంది, ఇతరులు సరిచూస్తారు. ముప్పున్న జాతులకు అది కచ్చితమైన చోటును తనే దాచేస్తుంది. అదే ఫోటోను సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు మాత్రం లొకేషన్ మీరే తీసేయాలి. జంతువుల గూళ్లు, బొరియల ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది.