బాఖ్ ఐదో ఫ్రెంచ్ సూట్‌ను హార్ప్సికార్డ్ మీద ఎలా సాధన చెయ్యాలి

హార్ప్సికార్డ్ కూడా కీలున్న వాయిద్యమే, కానీ పియానోలోలాగా ఇందులో తీగను సుత్తి కొట్టదు, వీణ మీటినట్టు చిన్న ములుకు మీటుతుంది. కీని ఎంత గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు అంతే. పియానో అలవాటుతో వచ్చినవాళ్లు దెబ్బ తెలియాలని బలం పెడతారు. శబ్దం పెరగదు, మణికట్టు మాత్రం పట్టేస్తుంది. ఇక్కడ ఒత్తు పుట్టేది ఖాళీలోంచి. ముందున్న స్వరాన్ని పిసరంత తొందరగా వదిలితే, ఆ తర్వాతి స్వరం బలంగా వినబడుతుంది.

ముందు ఒక్క కీని చాలా నెమ్మదిగా దించి చూడండి. కొంత దిగాక వేలికి చిన్న అడ్డు తగులుతుంది. ములుకు తీగకు ఆనిన చోటు అది. దాటగానే టక్కున మీటుతుంది. వేళ్లను కీ పైనుంచి విసరకుండా, ఆ అడ్డును తడుముతూ వాయించాలి. రెండు తీగల వరసలు కలిపితే రెండు అడ్డులు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి కాబట్టి నేర్చుకునేటప్పుడు ఒక వరసే పెట్టుకోండి.

వాయిద్యం దొరక్కపోతే 61 కీస్ ఉన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు చాలు. హార్ప్సికార్డ్ వాయిస్ పెట్టి, టచ్ రెస్పాన్స్ ఆపేసి, సస్టైన్ పెడల్ తీసేయండి. ట్రాన్స్‌పోజ్ మైనస్ 1 చేస్తే శ్రుతి 440 నుంచి 415 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. బాఖ్ కాలపు బరోక్ సంగీతానికి ఇప్పుడు ఎక్కువమంది వాడేది అదే.

సూట్ అంటే నాట్యాల వరస. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఈ సూట్ జి మేజర్‌లో ఉంది, ఆయన రచనల జాబితాలో దీని సంఖ్య బీడబ్ల్యూవీ 816. వరసగా ఆలమాండ్, కురాంట్, సారబాండ్, గావోట్, బూరే, లూర్, జీగ్. సాధన మాత్రం గావోట్‌తో మొదలుపెట్టండి. మొదటి భాగం 8 బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటిది), రెండోది 16. పాట బార్ మధ్యలో ఎత్తుకుంటుంది, మన అనాగత ఎత్తుగడలాగా. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మొదటి రెండు స్వరాలను ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడతారు, దాంతో ముగింపులన్నీ తప్పు చోట పడతాయి. ‘మూడు, నాలుగు’ అని లెక్కపెట్టి, ‘ఒకటి’కి ముందు వేలు ఎత్తండి. బూరేలో ఎత్తుగడ ఒక్క దెబ్బే, ‘నాలుగు’ మీద.

సారబాండ్ మూడు దెబ్బల నెమ్మది నాట్యం, దాని బరువు తరచు రెండో దెబ్బ మీద ఉంటుంది. అక్కడ స్వరాల గుత్తి వస్తే ఒక్కసారిగా మీటకుండా కిందినుంచి పైకి విప్పండి. కింది స్వరం సరిగ్గా దెబ్బ మీదే పడాలి. ప్రతి గుత్తినీ ఒకే వేగంతో విప్పితే గజ్జెలు మోగినట్టుంటుంది, విసుగు. ట్రిల్, అంటే రెండు పక్కపక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం, పై స్వరంతో, దెబ్బ మీద మొదలవ్వాలి. 1720లో మొదలుపెట్టిన తన కొడుకు పాఠాల పుస్తకంలో బాఖ్ వేసిన అలంకారాల పట్టిక అలాగే చూపిస్తుంది. మొదట గమకాలేవీ లేకుండా వాయించండి, వాటికోసం లయ ఆగుతుంటే ఇంకా తొందరపడుతున్నట్టే. అదనపు అలంకారాలు ఏమైనా ఉంటే రెండోసారి తిప్పి వాయించేటప్పుడు వేసుకోవచ్చు.

కురాంట్‌లో పరుగు స్వరాలు ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతుంటాయి, బొటనవేలు కిందినుంచి దూరిన చోటల్లా కుదుపు తెలుస్తుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి, మూడుసార్లు శుభ్రంగా వస్తేనే 4 పెంచండి. లూర్‌ను ఆరు దెబ్బలుగా లెక్కపెడితే ఈడ్చినట్టుంటుంది, బార్‌కి రెండు పెద్ద దెబ్బలు చాలు.

జీగ్ చివరికి. 12/16, అంటే నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు త్రిశ్రం. కుడిచెయ్యి ఒంటరిగా ఎత్తుకున్న పల్లవిని మిగతా గొంతులు, అంటే కలిసి నడిచే విడి బాణీలు, ఒక్కొక్కటిగా అందుకుంటాయి. రెండో భాగంలో అదే పల్లవి తలకిందులవుతుంది, ఎక్కిన చోట దిగుతుంది. అందుకని మొదటి భాగానికి ఏ స్వరానికి ఏ వేలో రాసుకున్న అంకెలు అక్కడ పనికిరావు. నకలు చెయ్యకుండా, ప్రతి ప్రవేశానికీ పెన్సిల్‌తో కొత్తగా రాసుకోండి. ఒక్కో గొంతును విడిగా వాయించి, తర్వాత రెండేసి చొప్పున కలపండి.